ఉక్కపోత ఊళ్లో ఉంగరాల జుట్టు: ఒక నాన్న ప్రాజెక్టు డైరీ

పని ఇది. విశాఖపట్నం పెదవాల్తేరులో ఉంటాం, సముద్రం నడక దూరం. మా పాపకు పదకొండేళ్లు, ఒత్తైన ఉంగరాల జుట్టు. పొద్దున దువ్వి పంపిన తల సాయంత్రానికి రేగిపోయి, చిక్కుపడి ఇంటికొస్తుంది. రాత్రి చిక్కు తీయడానికి ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది, అందులో సగం ఏడుపు.

ఇంటర్నెట్‌లో ఉంగరాల జుట్టుకు దొరికే సలహాల్లో చాలావరకు చలి దేశాలవి, పొడి గాలి ఊళ్లవి. వాటిని మన కోస్తాకు తెస్తే ఏవి పనిచేశాయో, ఏవి ఎదురు తిరిగాయో ఇక్కడ రాస్తున్నాను. కాకినాడ, మచిలీపట్నం, చెన్నై వైపు వాళ్లకు ఈ లెక్కలు దాదాపుగా సరిపోవచ్చు. హైదరాబాద్ వాళ్లు దశ 3 చివర చూడండి.

నేను ఫ్యాక్టరీలో ఇన్‌స్ట్రుమెంట్ టెక్నీషియన్‌ని. నాదీ ఇదే జుట్టు. కానీ చిన్నప్పటి నుంచీ క్రాపు కొట్టించడమే తప్ప పెంచింది లేదు, దాని సంగతి నాకు తెలీదు. మా ఆవిడది నిటారు జుట్టు. కాబట్టి ఇంట్లో పెద్దల అనుభవం సున్నా, మీటర్లు మాత్రం ఉన్నాయి.

దశ 0: కొలత (జూన్)

"ఇవాళ కొంచెం నయంలా ఉంది" అనుకుంటే పని ముందుకు సాగదు. అందుకని రేగడానికి ఒక అంకె పెట్టుకున్నాం.

1. తెల్లటి తలుపు మీద, పాప చెవుల ఎత్తులో, కొలత టేపు అడ్డంగా అంటించాను.
2. ఫోన్ ఎప్పుడూ అదే స్టూలు మీద, తలుపుకు మీటరున్నర దూరంలో. ట్యూబ్‌లైట్ వేసి, కిటికీ మూసి.
3. పాప జుట్టు విరబోసుకుని, వీపు మనవైపు పెట్టి నిలబడుతుంది. ఫోటో.
4. రెండు గంటలు బయట. మేడ మీదైనా సరే, ఆర్కే బీచ్ అయినా సరే. రాగానే మళ్లీ ఫోటో.

రెండో వెడల్పులోంచి మొదటిది తీసేస్తే వచ్చేది మా "రేగుడు". మొదట్లో 24 సెం.మీ. తల 37 అయి తిరిగొచ్చింది. రేగుడు 13.

స్కూలు రోజుల్లో రెండు జడలు కాబట్టి ఈ పరీక్ష ఆదివారాలు, సెలవు రోజుల్లోనే. అందుకే పని నెమ్మదిగా సాగింది. ఒక ఆదివారానికి ఒక్క మార్పే అని నియమం పెట్టుకున్నాం. షాంపూ, క్రీము, తువ్వాలు అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో ఎప్పటికీ తెలీదు.

మిగతా కొలతలు: ఒక పాయ దానంతటది వేలాడితే 27 సెం.మీ., లాగి పట్టుకుంటే 41. ఉంగరం చూపుడు వేలంత మందం. వెంట్రుక సన్నం, కాని ఒత్తు ఎక్కువ.

గాలిలో తేమ చూపించే చిన్న డిజిటల్ మీటర్ కొన్నాను. చవక మీటర్లను నమ్మకూడదు, వాడేముందు సరిచూసుకోవాలి. దానికి వంటింటి ఉప్పు చాలు:

1. సీసా మూతలో ఉప్పు పోసి, తడి ఇసుకలా అయ్యేంత వరకే చుక్కలు చుక్కలుగా నీళ్లు వేయాలి. ఉప్పు పూర్తిగా కరిగిపోకూడదు.
2. ఆ మూతనూ మీటర్‌నూ గాలి చొరని డబ్బాలో పెట్టి రాత్రంతా వదిలేయాలి.
3. తడి ఉప్పు పైన ఉండే గాలిలో తేమ 75 శాతం దగ్గర స్థిరపడుతుంది. మీటర్ ఎంత చూపిస్తే ఆ తేడా రాసుకోవాలి.

నాది 69 చూపించింది. అప్పటి నుంచి దాని మాటకు 6 కలుపుతున్నాను.

అసలు గాలిలో తేమ కొలవడానికి తొలినాళ్లలో వాడింది వెంట్రుకనే. జెనీవాకు చెందిన ఒరాస్ బెనెడిక్ట్ ద సోసూర్ 1783లో మనిషి వెంట్రుకతో తేమ మీటర్ చేసి చూపించాడు. పూర్తి పొడి గాలి నుంచి పూర్తి తడి గాలికి వెళ్తే వెంట్రుక సుమారు రెండు, రెండున్నర శాతం పొడుగు సాగుతుంది. ఆ లెక్కన మా పాప నెత్తి మీద లక్ష మీటర్లు ఉన్నాయి, ఒక్కటీ క్యాలిబ్రేట్ చేసింది కాదు.

ఖర్చు: మీటర్ 350, గ్రాముల తూకం యంత్రం 450. ఇప్పటిదాకా మొత్తం: రూ. 800.

దశ 1: నీళ్లు

మా అపార్ట్‌మెంట్‌లో బోరు నీళ్లు రోజంతా వస్తాయి, మున్సిపల్ కొళాయి పొద్దున కాసేపే. తలస్నానం బోరు నీళ్లతోనే.

ముందు టీడీఎస్ మీటర్ కొన్నాను. ఇది అక్కరలేదు, మీరు కొనకండి. నీళ్లలో కరిగినవన్నీ కలిపి ఎంతో చెప్తుంది గానీ, జుట్టును గరుకు చేసే కాల్షియం, మెగ్నీషియం అందులో ఎంతో చెప్పదు. కావలసింది కాఠిన్యం చూసే చుక్కల కిట్. రంగు మారేదాకా చుక్కలు లెక్కపెట్టడమే. బోరు నీళ్లు లీటరుకు 430 మిల్లీగ్రాములు, కొళాయి నీళ్లు 110. తాగునీటికి బీఐఎస్ (భారత ప్రమాణాల సంస్థ) పెట్టిన కోరదగిన హద్దు 200, వేరే దారి లేనప్పుడు 600 దాకా ఒప్పుకుంటారు. అంటే మా బోరు తాగడానికి కూడా కష్టమైన రకం.

మార్చినవి:

1. మామూలుగా కడగడం బోరు నీళ్లతోనే. ఆఖరి ఒక్క బక్కెట్టు మాత్రం పొద్దున పట్టి ఉంచిన కొళాయి నీళ్లు.
2. నెలకోసారి లీటరు కొళాయి నీళ్లలో అర చెంచా నిమ్మరసం కలిపి ఆఖరున పోయడం. పీహెచ్ (ఆమ్లత చూపే అంకె, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) కాగితంతో చూస్తే 4 దగ్గర వస్తోంది. పిండిన రసం అలాగే పెట్టొద్దు, అది 2 దగ్గర ఉంటుంది, మాడు మండుతుంది.
3. షాంపూ సీసా మీద డైసోడియం ఈడీటీఏ ఉందో లేదో చూసి కొనడం. కాల్షియాన్ని పట్టుకుని పోయేది అదే.

ఫలితం: రేగుడు 13 నుంచి 12. ఇంతేనా అనిపించింది. కాని చిక్కు తీసే సమయం 25 నిమిషాల నుంచి 15కు పడిపోయింది. వెంట్రుక మీది గరుకు తగ్గింది, అందుకే దువ్వెన జారుతోంది. రేగడానికి కారణం వేరే ఉంది.

ఖర్చు: టీడీఎస్ మీటర్ 250, చుక్కల కిట్ 400, పీహెచ్ కాగితాలు 90. మొత్తం: రూ. 1,540.

దశ 2: మాడు

ఉంగరాల జుట్టు సలహాల్లో మొట్టమొదటిది: షాంపూ మానేయండి, కండిషనర్‌తోనే కడగండి, లేదా సల్ఫేట్ (గట్టిగా నురగ తెచ్చి జిడ్డు తీసేది) లేని షాంపూ వారానికి ఒక్కసారి వాడండి. పొడి గాలిలో, చలిలో దీనికి అర్థం ఉంది. జులైలో విశాఖలో, స్కూల్లో ఆటల పీరియడ్ ఉన్న పిల్లకు ఇది పనికి రాలేదు. మూడో వారానికి పాపిడి పొడవునా తెల్లటి పొట్టు, దురద, గోళ్లతో గీకిన ఎర్ర మచ్చలు.

దీని మీద మా అమ్మ నూనె. "ఒరేయ్, నూనె పెట్టకుండా బడికి పంపుతావా దాన్ని?" అని రోజూ పొద్దున అరచెయ్యి నిండా కొబ్బరినూనె మాడుకు పట్టించేది. చుండ్రు దగ్గర కనిపించే మలసీజియా అనే ఈస్టు మాడు మీది జిడ్డు తిని బతుకుతుంది. చెమట, ఉక్కపోత, రోజూ నూనె, వారానికో స్నానం: దానికి ఇంతకన్నా ఏం కావాలి.

డాక్టర్ ఆ ఈస్టును అణిచే కీటోకొనజోల్ 2 శాతం షాంపూ రాశారు. వారానికి రెండుసార్లు, అయిదు నిమిషాలు ఉంచి కడగాలి, నాలుగు వారాలు. పిల్లల విషయం కాబట్టి మీరూ అడిగే వాడండి. పొట్టు రెండో వారానికే పోయింది, అయినా కోర్సు ఆపలేదు.

షాంపూ మాడుకే, పొడవుకు తగలనివ్వొద్దు. చిన్న ముక్కు సీసాలో నీళ్లతో కలిపి, పాపిళ్లు తీస్తూ మాడు మీదే పోస్తాను. కిందికి జారే నురగే జుట్టుకు చాలు.

నూనె మానేయలేదు, వేళ మార్చాం. 2003లో అచ్చయిన ఒక ప్రయోగంలో కొబ్బరినూనె, పొద్దుతిరుగుడు నూనె, మినరల్ ఆయిల్ మూడూ పోల్చి చూశారు. కడిగినప్పుడు వెంట్రుకలోంచి ప్రొటీన్ పోవడాన్ని తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే, ఎందుకంటే అది వెంట్రుక లోపలికి ఇంకుతుంది. కాబట్టి తలంటుకు గంట ముందు, చెవుల కింది నుంచి చివర్ల దాకా, 8 గ్రాములు. మాడుకు చుక్క కూడా లేదు. "పోన్లే, ఏదో ఒకటి రాస్తున్నారు" అని అమ్మ ఒప్పుకుంది.

అత్తగారు పంపిన కుంకుడుకాయలూ చూశాం. మురికి బాగా పోయింది, కాని జుట్టు ఒకదానికొకటి పట్టుకుని చిక్కు పెరిగింది. కళ్లలో పడితే ఆ రోజుకు పరీక్ష రద్దు. మందారాకు మాత్రం నిజంగా జారుడు ఇస్తుంది. ముద్దగా రుబ్బి పెట్టకండి, ఉంగరాల్లో ఇరుక్కున్న ఆకు పిప్పి మర్నాడు కూడా రాలుతూనే ఉంటుంది. ఆకులు నీళ్లలో నలిపి, పలచటి గుడ్డలో వడకట్టి, ఆ జిగట ఒక్కటే వాడాలి.

రేగుడు: 12. మారలేదు.

ఖర్చు: సల్ఫేట్ లేని షాంపూ 390 (ఇప్పుడు దువ్వెనలు కడుగుతున్నాం), డాక్టర్ ఫీజు 500, మందు షాంపూ 280. మొత్తం: రూ. 2,710.

దశ 3: గ్లిజరిన్, డ్యూ పాయింట్

ఈ ప్రాజెక్టులో అసలు మలుపు ఇక్కడుంది, కొంచెం వివరంగా రాస్తాను.

వెంట్రుకలో కెరటిన్ అనే ప్రొటీన్ పోగులను పట్టి ఉంచే బంధాల్లో బలహీనమైనవి హైడ్రోజన్ బంధాలు. నీళ్లు తగిలితే విడిపోతాయి, ఆరేటప్పుడు జుట్టు ఏ ఆకారంలో ఉంటే ఆ ఆకారంలో మళ్లీ కట్టుకుంటాయి. తలస్నానం అక్కర్లేదు, గాలిలోని తేమ చాలు వాటిని కొంచెం కొంచెంగా విప్పడానికి. అన్ని వెంట్రుకలూ ఒకేలా విప్పుకోవు. ఒకటి సాగుతుంది, పక్కది మెలి తిరుగుతుంది, ఉంగరం చెదిరిపోతుంది.

పాపకు వాడుతున్న "కర్ల్ క్రీము" సీసా వెనక్కి తిప్పితే రెండో పేరు గ్లిజరిన్. పదార్థాలను ఎక్కువ నుంచి తక్కువకు వరసలో రాస్తారు కాబట్టి రెండో పేరంటే బాగానే ఉన్నట్టు. గ్లిజరిన్‌కు గాలిలోంచి నీళ్లు లాక్కునే గుణం ఉంది. మామూలు తేమ ఉన్న ఊళ్లో అది జుట్టును మెత్తగా ఉంచుతుంది. మన దగ్గర జులైలో గాలి ఇచ్చే నీళ్లకు అంతుండదు, గ్లిజరిన్ తాగుతూనే ఉంటుంది, వెంట్రుక ఉబ్బుతూనే ఉంటుంది.

తేమ శాతం చూసి క్రీము మారుద్దామనుకుంటే అది రోజంతా ఆడుతోంది. తెల్లవారుజామున 95, మధ్యాహ్నం 65, రాత్రికి మళ్లీ 85. డ్యూ పాయింట్ (గాలి ఎంతకు చల్లబడితే అందులోని ఆవిరి నీళ్లుగా మారడం మొదలవుతుందో ఆ ఉష్ణోగ్రత) అలా కాదు, గాలి మారితే తప్ప రోజంతా ఒకటి రెండు డిగ్రీల తేడాలోనే ఉంటుంది. వెంట్రుక స్పందించేది తేమ శాతానికే, అందులో సందేహం లేదు. కాని డ్యూ పాయింట్ తెలిస్తే ఏ వేళకు శాతం ఎంతకు వెళ్తుందో ముందే లెక్కకట్టొచ్చు. తేమ 50 పైన ఉన్నప్పుడు పనికొచ్చే చిట్కా లెక్క:

డ్యూ పాయింట్ = ఉష్ణోగ్రత − (100 − తేమ శాతం) ÷ 5

మా ఇంటి దగ్గర కొలిచినవి:

జులై సాయంత్రం: 30 డిగ్రీలు, తేమ 82. డ్యూ పాయింట్ 26 పైన.
జనవరి పొద్దున: 22 డిగ్రీలు, తేమ 74. డ్యూ పాయింట్ 17 లోపు.

శాతాలు చూస్తే రెండు రోజులకూ పెద్ద తేడా లేదనిపిస్తుంది. గాలిలో ఉన్న నీళ్లు మాత్రం జులైలో చాలా ఎక్కువ. డ్యూ పాయింట్ 26 అయిన రోజు పొద్దున ఏడింటికి 27 డిగ్రీలుంటే తేమ 95 శాతం. పాప బస్సు కోసం వీధి చివర నిలబడేది సరిగ్గా అప్పుడే. తల పాడయ్యేది మధ్యాహ్నపు ఎండలో అనుకుంటూ వచ్చాం. నిజానికి బస్సు ఎక్కేలోపే పని అయిపోతోంది.

మార్చినవి: మొదటి అయిదు పేర్లలో గ్లిజరిన్, ప్రొపిలీన్ గ్లైకాల్, సార్బిటాల్, తేనె, కలబంద ఉన్నవన్నీ పక్కన పెట్టాం. వాటి బదులు మామూలు కండిషనర్ 15 గ్రాములు, అందులో ఎక్కువ భాగం కడిగేసి, చివర్లలో కొంచెం మిగలనిచ్చి. రేగుడు 12 నుంచి 9.

(ఫిబ్రవరిలో చేర్చిన మాట: హైదరాబాద్‌లో పెళ్లికి వెళ్లాం. మధ్యాహ్నం 31 డిగ్రీలు, తేమ 28 శాతం, డ్యూ పాయింట్ 10 దగ్గర. ఇక్కడి పద్ధతే అక్కడ చేస్తే జుట్టు గట్టిపడి, దువ్వెనకు ఎగిరి అంటుకుంది. పక్కన పెట్టిన గ్లిజరిన్ క్రీము 5 గ్రాములు రాస్తే సర్దుకుంది. ఆ సీసా ఇప్పుడు ప్రయాణాల సంచిలో ఉంటుంది.)

ఖర్చు: క్రీము 620, కండిషనర్ 240. మొత్తం: రూ. 3,570.

దశ 4: జెల్

తేమను లోపలికి పిలిచేవి తీసేశాక, బయట ఒక పొర వేయాలి. ఇంట్లో చేసుకునే అవిసె గింజల జెల్‌తో మొదలుపెట్టాం.

1. అవిసె గింజలు 40 గ్రాములు, నీళ్లు అర లీటరు.
2. మధ్యస్థ మంట మీద కలుపుతూ ఉండాలి. పొంగు వచ్చాక మంట తగ్గించాలి.
3. ఏడెనిమిది నిమిషాలకు గరిటె నుంచి కోడిగుడ్డు తెల్లసొనలా తీగ సాగుతుంది. అక్కడే ఆపేయాలి.
4. వేడి మీదే వడకట్టాలి. చల్లారితే ఏ గుడ్డలోంచీ దిగదు.
5. ఫ్రిజ్‌లో వారం. మిగిలింది ఐస్ ట్రేలో గడ్డకట్టించి, ఒక్కో ముక్క తీసుకోవాలి.

పన్నెండు నిమిషాలు మరిగిస్తే గింజలతో సహా ముద్ద కట్టింది. టీ వడకట్టే జల్లెడ పనికి రాదు, ఆడవాళ్ల నైలాన్ సాక్సు సరిగ్గా సరిపోతుంది, చివర ముడేసి పాలు పితికినట్టు పిండాలి. ఫ్రిజ్ బయట పెట్టిన సీసా ఆగస్టులో రెండో రోజుకే పులిసిన వాసన వచ్చింది.

తలకు రాసిన మొదటి గంట అద్భుతం. పాప అద్దం వదల్లేదు. బీచ్‌లో గంటన్నర అయ్యేసరికి పొర మెత్తబడి జిగురైంది, ఇసుక కూడా పట్టుకుంది. రేగుడు 8.

తర్వాత షాపు జెల్. చవకగా దొరికే దాంట్లో పొర కట్టే పదార్థం పీవీపీ. ఇది కూడా తేమ పీల్చుకునే రకమే, ఉక్కపోతలో బంకగా మారుతుంది. రేగుడు 9, పైగా మెడకు అంటుకుంటోందని పాప గొడవ. మరో జెల్ మీద వీపీ/వీఏ కోపాలిమర్ అని ఉంది. ఇదీ పొర కట్టేదే, కాని పీవీపీ అంతగా తేమను పట్టించుకోదు. రేగుడు 6. వీపీ/వీఏ ఉండి, పైపేర్లలో గ్లిజరిన్ లేని జెల్ ఏదైనా పనికొస్తుంది, కంపెనీ పేరుతో పని లేదు.

రాసే తీరు పరిమాణం కన్నా ముఖ్యం. జుట్టు నుంచి నీళ్లు కారుతుండగానే, తువ్వాలు తగలకముందే, నాలుగు పాయలు చేసి పాయకు 3 గ్రాముల చొప్పున. తడి ఆరాక రాస్తే పైపైనే ఉంటుంది. రాసేముందు కండిషనర్, జెల్ రెండూ అరచేతిలో కలిపి చూడండి. తెల్లటి ఉండలు కడితే ఆ జంట వద్దు, ఆరాక తలలో చుండ్రులా రాలుతుంది.

ఖర్చు: అవిసె గింజలు 120, నైలాన్ సాక్సు 60, పీవీపీ జెల్ 210, వీపీ/వీఏ జెల్ 340. మొత్తం: రూ. 4,300.

దశ 5: ఆరబెట్టడం

జెల్ పొర పూర్తిగా ఆరి గట్టిపడాలి. తర్వాత చేతులతో నలిపితే గట్టిదనం పోయి ఉంగరం మిగులుతుంది. విశాఖలో వానాకాలం ఈ "పూర్తిగా ఆరడం" అనేదే దొరకదు. టర్కీ తువ్వాలుతో రుద్దడం మొదటి రోజే మానేశాం, మా నాన్న పాత నూలు పంచెలో జుట్టు పోగుచేసి పది నిమిషాలు చుట్టి ఉంచుతాం. అయినా ఫ్యాను కింద అయిదు గంటల తర్వాత లోపలి పాయలు తడిగానే ఉన్నాయి.

ఏసీలో డ్రై మోడ్ ఉంటే అది మంచి తేమ తీసే యంత్రం. తలుపులు మూసి గంట నడిపితే గది 25 డిగ్రీలకు, తేమ 56 శాతానికి వచ్చింది. డ్యూ పాయింట్ 16. అంటే జులైలో గదిలోపల జనవరి. జుట్టు రెండు గంటల్లో ఆరింది, ఉంగరాలు ఎంత బాగా కట్టాయంటే ఆ రోజు పరీక్ష అక్కర్లేదనిపించింది.

రెండు గంటలు బయట తిరిగొచ్చాక రేగుడు 10. జెల్ ఒక్కటే ఉన్నప్పటి కన్నా ఎక్కువ.

కారణం నా కళ్లజోడు చెప్పింది. ఏసీ గదిలోంచి బయటికి రాగానే అద్దాల మీద ఆవిరి పట్టింది. బయటి గాలి డ్యూ పాయింట్ 26, ఏసీ గదిలో కూర్చున్న జుట్టు 25 దగ్గర ఉంది. డ్యూ పాయింట్ కన్నా చల్లగా ఉన్న దేని మీదైనా నీళ్లు పడతాయి. పాప తల మీద కంటికి కనపడని తడి పొర పడి, జెల్ కరగడం గుమ్మంలోనే మొదలైంది.

ఇప్పుడు చేస్తున్నది:

1. పంచెలో పది నిమిషాలు.
2. డ్రై మోడ్ గదిలో, సీలింగ్ ఫ్యాను తక్కువ మీద, గంటంపావు.
3. డిఫ్యూజర్ (గాలిని చెదరగొట్టే వెడల్పాటి మూతి) తగిలించిన డ్రయర్‌తో గోరువెచ్చని గాలి, పాయలు కదపకుండా పదిహేను నిమిషాలు. కుదుళ్ల దగ్గర వేలు పెట్టి చూడాలి, ఆఖరున ఆరేది అదే.
4. ఏసీ ఆపి, గది తలుపు కొంచెం తెరిచి, ఇరవై నిమిషాలు ఆగాలి. జుట్టు ఇంటి వేడికి రావాలి.
5. అప్పుడు చేతులతో నలపడం. తర్వాతే బయటికి.

రేగుడు 4. అంటే వెళ్లేముందు 25, వచ్చాక 29. అంతకన్నా తగ్గించాలంటే సముద్రాన్ని జరపాలి.

ఖర్చు: డిఫ్యూజర్ 450. మొత్తం: రూ. 4,750. కరెంటు వేరే.

దశ 6: రెండు జడలు

స్కూలు నియమం రెండు జడలు, మడిచి రిబ్బన్లు. వాదించి లాభం లేదు. కాబట్టి తలస్నానం పొద్దున నుంచి సాయంత్రానికి మార్చాం, ఆదివారం, బుధవారం. తడి జుట్టుకు జడ వేసి పంపితే స్కూలు వదిలేదాకా లోపల ఆరదు, ముక్కిన వాసన వస్తుంది.

రాత్రి జుట్టంతా నడినెత్తికి తెచ్చి వదులుగా బ్యాండ్ వేసి, సాటిన్ దిండు గలీబు మీద పడుకోబెడతాం. పొద్దున దువ్వెన అక్కర్లేదు. వేళ్లు కొంచెం తడి చేసుకుని పాయలు విడదీసి జడ వేయడమే. దువ్వెన తలస్నానం రోజే, కండిషనర్ ఉండగానే, వెడల్పు పళ్లది, చివర్ల నుంచి పైకి.

మామూలు రబ్బరు బ్యాండ్లు వెంట్రుకలు తెంపుతున్నాయి. గుడ్డ చుట్టినవి కొన్నాం. నైలాన్ రిబ్బన్ అంచు కూడా పాయల్లో ఇరుక్కుంటుంది, కొవ్వొత్తికి అంచు చూపిస్తే నున్నగా అవుతుంది.

చిక్కు తీసే సమయం: 6 నిమిషాలు, ఏడుపు లేకుండా.

ఖర్చు: సాటిన్ మీటరు 140, కుట్టుకూలి 60, బ్యాండ్లు 80. మొత్తం: రూ. 5,030. ఇందులో వృథా: టీడీఎస్ మీటర్, సల్ఫేట్ లేని షాంపూ, పీవీపీ జెల్, కలిపి 850.

దశ 7: అక్టోబరు ముసురు

అల్పపీడనం పట్టి ఆగకుండా వాన. కరెంటు పోయి, వచ్చి, మళ్లీ పోయింది. డ్రై మోడ్ లేదు, డ్రయర్ లేదు. ఇలాంటప్పుడు విరబోసిన జుట్టును కాపాడే ప్రయత్నం చేయకండి. తలస్నానం వాయిదా వేసి, మాడును మాత్రం తడి గుడ్డతో తుడిచి, జుట్టంతా రెండు మెలి పాయలుగా తిప్పి ముడి వేశాం. మూడు పాయల జడ కన్నా రెండు పాయల మెలి విప్పడం తేలిక, చిక్కూ తక్కువ. ముసురు తగ్గాక విప్పితే రేగి ఉంది, కాని పది నిమిషాల్లో దువ్వెన దిగింది.

ఇంకా తేలనివి

వానలు వెనకబట్టాక నవంబరులో బోరు నీళ్ల కాఠిన్యం 360కి తగ్గింది. మేలో మళ్లీ చూడాలి. 450 దాటితే నిమ్మరసం నెలకు రెండుసార్లు.

డిసెంబరు, జనవరిలో డ్యూ పాయింట్ 18 కిందికి వచ్చిన రోజుల్లో గ్లిజరిన్ క్రీము 2 గ్రాములు కలిపి చూశాం. రేగుడు 4 నుంచి 5. జుట్టు మాత్రం మెత్తగా ఉందని పాప అదే కావాలంటోంది. ఇక్కడ అంకె చెప్పేది ఒకటి, తల ఉన్నవాళ్లు చెప్పేది ఇంకొకటి. తల ఉన్నవాళ్ల మాటే రాసుకున్నాను.

తర్వాతి పని: నుదుటి మీది జుట్టు కత్తిరింపు. కనుబొమల దాకా, ఆరాక 8 సెం.మీ. ఉండాలట. మొత్తం జుట్టు నిష్పత్తి 27 ÷ 41, అంటే 0.66. ఆ లెక్కన తడిగా లాగి 12 దగ్గర కత్తెర పెట్టాలి. కాని నుదుటి మీది పాయలు ఇంకా ఎక్కువ ముడుచుకుంటాయి, విడిగా కొలిస్తే 0.6 వచ్చింది. కాబట్టి 13 పైన, ఒక్కో పాయ విడిగా. తక్కువైతే మళ్లీ కత్తిరించొచ్చు, ఎక్కువ కత్తిరిస్తే నెలకు సెంటీమీటరు చొప్పున ఎదురుచూడాలి. స్కూలు ఫోటోలు అయిపోయాక, వేసవి సెలవుల్లో చేస్తాం.